ఆగస్టు 15 క్రాఫ్ట్ కిట్ కొంటున్నారా? ముందు చక్రంలో ఆకులు లెక్కపెట్టండి

జెండా పండక్కి పిల్లల చేత తోరణాలు, గాలిపంకాలు, చొక్కాకి పెట్టుకునే బ్యాడ్జీలు చేయిద్దామని ఆన్‌లైన్‌లో ఒక తిరంగా పేపర్ క్రాఫ్ట్ కిట్ తెప్పించాను. 449 రూపాయలు. మీరు ఇలాంటిది కొనాలనుకుంటుంటే దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. పండగ దగ్గరపడేకొద్దీ ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో కనిపిస్తుంటాయి. ఫోటోలు చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. నేనూ ఫోటోలు చూసే కొన్నాను.

పెట్టె విప్పి అన్నీ చాప మీద పరిచాం. మా పాప మూడో తరగతి. జెండా గురించి ఆ వారమే స్కూల్లో చెప్పారట. చక్రం స్టిక్కరు చేతికి రాగానే పెన్సిల్ మొన ఆనించి ఒక్కో ఆకూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదహారు దగ్గర ఆగిపోయింది. లెక్క తప్పిందేమో అనుకుని, మొదటి ఆకు మీద చిన్న చుక్క పెట్టుకుని మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ పదహారే. "అమ్మా, టీచర్ 24 అన్నారు, ఇందులో లేవేంటి?" అంది. నేను ఇంకో స్టిక్కరు చూశాను. షీటంతా అంతే. పైగా చక్రం నీలం రంగులో లేదు, నల్లగా ఉంది.

1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో చక్రం ముదురు నీలం, ఆకులు 24. అమ్మేవాళ్లు తమ వీలును బట్టి మార్చుకునే డిజైన్ కాదది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన మన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన సంగతి చెబుతూ పిల్లలతో ఈ పని చేయిద్దామని ఎంతో ఆశపడ్డాను. ఆ కథ చెబుతూ చేతికి తప్పు చక్రం ఎలా ఇస్తాను?

ఇంకా ఉంది. లిస్టింగ్‌లో "25 పేపర్ జెండాలు" అని రాశారు. మూల కొంచెం మడిచి చూస్తే మడత నిలవలేదు, దానంతట అదే విచ్చుకుంది. వేళ్ల మధ్య నలిపితే కవరు చప్పుడు. పక్కా ప్లాస్టిక్. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు, ఆ జాబితాలో ప్లాస్టిక్ జెండాలూ ఉన్నాయి. అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది, ఈ కిట్‌లో థర్మాకోల్ అక్షరాలు కూడా పెట్టారు! ఇప్పుడు ఆ జెండాలను ఏం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు. పనికిరాని జెండాను చెత్తబుట్టలో వెయ్యకూడదు. పదిమంది కంట పడకుండా, గౌరవంగా కాల్చెయ్యాలనో, మరో మర్యాదైన పద్ధతిలో లేకుండా చెయ్యాలనో జెండా వాడకం నియమాలు, అంటే ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. కాగితమైతే సరే, ప్లాస్టిక్‌ను ఇంటి ముందు కాలిస్తే ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించినవి మాత్రం టిష్యూలు. మూడు రంగులూ, మధ్యలో చక్రం, అచ్చం జెండాలా అచ్చువేసిన పది పేపర్ న్యాప్‌కిన్లు "బోనస్" అని పెట్టారు. చేతులు, మూతులు తుడుచుకోవడానికి! రుమాళ్ల మీద, న్యాప్‌కిన్ల మీద జెండా అచ్చువెయ్యడం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం జెండాను అవమానించడమే. అవి చూసి మా అత్తయ్య మారుమాట్లాడకుండా తీసి పక్కన పెట్టేశారు.

రంగుల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కిట్‌లో ఇచ్చిన జిగురు తగలగానే కాషాయం కాగితం రంగు దిగింది. తెల్ల పట్టీ అంచంతా నారింజ మరకలు. పాప వేళ్లకు అంటిన రంగు రెండు రోజులు వదల్లేదు.

వాపసు పెడదామంటే "ఈ వస్తువుకు రిటర్న్ లేదు" అని వచ్చింది. చాలామంది ఇక్కడే ఊరుకుంటారు. ఊరుకోకండి. చెప్పినదానికీ పంపినదానికీ పొంతన లేనప్పుడు అమ్మినవాళ్లు వాపసు తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను లిస్టింగ్ స్క్రీన్‌షాట్, 16 ఆకుల చక్రం ఫోటో, పెట్టె మీద లేబుల్ ఫోటో జతచేసి రాశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి, తర్వాత లిస్టింగ్‌లో మాటలు మార్చేస్తే మన దగ్గర రుజువు ఉండదు.

కొనేముందు ఫోటోను పెద్దది చేసి చక్రం చూడండి. 24 ఆకులు కనబడకపోయినా, ఫోటో మసకగా ఉన్నా వదిలెయ్యండి. జెండా పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి. నలుచదరంగా ఉన్నవీ, తెల్ల పట్టీ మీద శుభాకాంక్షలు అచ్చేసినవీ తీసుకోకండి, జెండా మీద ఏ రాతా ఉండకూడదు.

అసలు కిట్ అవసరమే లేదని మాకు మర్నాడు తెలిసింది. అత్తయ్య రెండు చెంచాల మైదా నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా తిప్పి జిగురు చేశారు. 18 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు పెట్టుకుంటే ఒక్కో పట్టీ సరిగ్గా 4 సెంటీమీటర్లు వస్తుంది, పిల్లలు స్కేలుతో ఇట్టే గీసేస్తారు. రంగు కాగితాలు అతికించే బదులు క్రేయాన్లతో వేయించాను, మరక గొడవ లేదు. చక్రానికి మావారు పాపకు కోణమాపిని ఇచ్చి 15 డిగ్రీలకో చుక్క పెట్టమన్నారు. చుట్టూ తిరిగేసరికి 24 చుక్కలు. ఒక్కో చుక్క నుంచి మధ్యకు నీలం పెన్నుతో గీత. మొదటి చక్రం పూర్తవగానే పాప మళ్లీ పెన్సిల్ తీసుకుని లెక్కపెట్టింది. 22, 23, 24. "వచ్చేశాయి!" అని ఇల్లంతా వినబడేలా అరిచింది.

చేతిలో పట్టుకునే జెండాలకు చీపురుపుల్లలు, తోరణానికి పురికొస. గాలిపంకాలు మాత్రం చక్రం లేకుండా ఉత్త మూడు రంగులతో చేశాం, ఆడుకుంటూ కింద పడేస్తారని. ప్లాస్టిక్ జెండాలు, టిష్యూలు కవర్లో కట్టి బీరువా మీద పెట్టాను. ఫిర్యాదుకు ఇంకా జవాబు రాలేదు. డబ్బు వెనక్కి ఇచ్చినా సరే, ఆ లిస్టింగ్ తీసేదాకా నేను ఫోన్ చేస్తూనే ఉంటాను. ఇలాంటి కిట్ మీకూ వచ్చి ఉంటే మీరూ 1915కి చెప్పండి.