కొమ్మకు కట్టిన సంచా, అరటి మోడా?

కొండపల్లి అడవిలో తాగే నీళ్ల సీసా ఖాళీ అయితే సంచే దిక్కు. చిల్లులేని, అవతలి వైపు కనిపించే పాలిథిన్ సంచిని ఎండ తగిలే నేరేడు కొమ్మకో చింత కొమ్మకో పొద్దున్నే తొడిగి, మూతి బిగించి కట్టాలి. ఒక మూల కిందికి వేలాడేలా లోపల చిన్న రాయి వేయాలి. ఆకులు వదిలే ఆవిరి నీరై అక్కడ చేరుతుంది. మూతి వదులైతే ఆవిరంతా పోతుంది. సాయంత్రానికి ఒక గ్లాసు వస్తే గొప్పే. గన్నేరు, జిల్లేడు జోలికి మాత్రం పోవద్దు, విషం.

కృష్ణ లంకల్లో అరటి ఉంటే అదే మేలు. నేలకు అడుగు ఎత్తున నరికి, మోడును గిన్నెలా తొలిస్తే వేళ్ల నీరు ఊరుతుంది. మొదటి మూడుసార్లు ఊరింది చేదు, పారబోయాలి. పురుగులు పడకుండా ఆకు కప్పండి. గెల కోసేశాక ఎలాగూ కొట్టేసే చెట్టునే, రైతునడిగి నరకండి.