యూ7 లైను వెంబడి బెర్లిన్ శివార్లు

బెర్లిన్ వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి: బ్రాండెన్‌బుర్గ్ గేటు, బెర్లిన్ గోడలో మిగిలిన ముక్క, టీవీ టవరు. వాటికీ ఒక రోజు ఇచ్చాను. మిగతా రోజులన్నీ యూ7 అనే మెట్రో లైనుకి అప్పగించాను. వాయవ్యాన స్పాండావ్ నుంచి ఆగ్నేయాన రూడోవ్ దాకా 40 స్టేషన్లు, దాదాపు 32 కిలోమీటర్లు. పేరున్న టూరిస్టు స్పాట్లు చాలావరకు దీని దారిలో పడవు. కానీ ఈ ఊరు మామూలు జనానికి ఇళ్లు ఎలా కట్టిందో చూడాలంటే ఇంతకన్నా తేలిక దారి లేదు.

బస నాయ్‌కోల్న్ పేటలో, పాతకాలపు అద్దె మేడలో. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. బేకరీ, కూరగాయల కొట్టు, మెట్రో మూడూ దగ్గరే, అద్దె కూడా ఊరి మధ్యలోకన్నా నయం. చిక్కల్లా వెలుతురుతోనే. ఈ మేడల్లో వీధివైపు ఒక బ్లాకు, వెనక లోవాకిలి, దాని వెనక ఇంకో బ్లాకు ఉంటాయి. 1853 నాటి నిబంధన ప్రకారం ఆ లోవాకిలి 5.34 మీటర్ల చదరం ఉంటే చాలు, అదీ మంట ఆర్పే బండి మళ్లడానికి. గాలీ వెలుతురూ ఎవరి లెక్కలోనూ లేవు. మా గది వెనక బ్లాకులో. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. వెబ్‌సైట్ ఫొటోల్లో మాత్రం గది ధగధగలాడింది! ఇలాంటిచోట గది తీసుకుంటే అది వీధివైపా, లోవాకిలివైపా అని ముందే అడగండి.

ఆ చీకట్లో నిద్రలేచి నేరుగా బ్రిట్జ్ అనే పేటలోని ఇళ్ల కాలనీకి వెళ్లడం వల్లేనేమో, ఆ కాలనీ నాకు అంతగా నచ్చింది. పార్షిమర్ అలే స్టేషన్లో దిగి కొద్దిగా నడిస్తే చాలు. ఒక చెరువు చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో వంగిన మూడంతస్తుల భవనం, 350 మీటర్ల పొడవు. దాని చుట్టూ వరస ఇళ్లు, మొత్తం దాదాపు 2000 కాపురాలు. బ్రూనో టౌట్, మార్టిన్ వాగ్నర్ అనే ఆర్కిటెక్టులు 1925లో మొదలుపెట్టారు. డబ్బు ఎక్కడిదంటే, ద్రవ్యోల్బణంలో పాత ఇళ్ల ఓనర్ల అప్పులు ఆవిరైపోయాయి. అలా లాభపడ్డవాళ్లమీద 1924లో పన్ను వేసి, అందులో కొంత కొత్త ఇళ్లకి మళ్లించారు. నగరంలోని మరో ఐదు కాలనీలతో కలిపి 2008లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

అయినా టికెట్టు లేదు, గేటు లేదు, గైడు వెంటపడడు. పాల ప్యాకెట్లు పట్టుకుని ఇంటికెళ్లేవాళ్లు, సైకిల్ తొక్కే పిల్లలు, అంతే. మీరు వరస ఇళ్ల వీధుల్లోకి వెళ్లి తలుపులు చూడండి. ఒకదానికి పసుపు పలకల మధ్య ఎర్ర చట్రం, పక్కదానికి ఆకుపచ్చమీద తెల్ల గీత. కిటికీకి కూడా రెండు మూడు రంగులు, గోడలేమో ముదురు ఎరుపు లేదా నీలం. టౌట్‌కి అలంకారాలకి డబ్బు లేదు, రంగుతోనే పని కానిచ్చాడు. వరస ఇళ్లు చాలావరకు ఇప్పుడు ఎవరివి వాళ్ల సొంతం. అయినా తోచిన రంగు వేసుకోనివ్వరు. తోటకి నీళ్లు పెడుతున్న ఒక పెద్దాయన నవ్వుతూ, "ఇల్లు నాదే, రంగు మాత్రం టౌట్‌ది" అన్నాడు. పాత రంగులతో, పాత సామానుతో తీర్చిదిద్దిన ఒక ఇంటిని యాత్రికులకి అద్దెకిస్తారు. మళ్లీ వెళ్తే నేను అందులోనే దిగుతాను.

ఫ్రిట్జ్ రాయ్టర్ అలే దాటితే అదే కాలంలో కట్టిన ఇంకో కాలనీ, ఏటవాలు పెంకు కప్పులతో. లాడం భవనానిదేమో చదును కప్పు. చదును కప్పు కొత్తదనమా, జర్మన్ ఇల్లంటే పెంకు కప్పేనా అని అప్పట్లో పెద్ద గొడవ. ఆ రెండు పక్షాలూ రోడ్డుకి అటూ ఇటూ ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి.

అదే లైన్లో ఇంకాస్త ముందుకెళ్తే గ్రోపియస్‌ష్టాట్ అనే టవర్ల కాలనీ. 1962లో పని మొదలైంది. ఆర్కిటెక్టు వాల్టర్ గ్రోపియస్ మొదట తక్కువ అంతస్తులతో ప్లాను వేశాడు. కానీ అంతకు ముందు ఏడాదే పశ్చిమ బెర్లిన్ చుట్టూ గోడ లేచింది, లోపల స్థలం కరువైంది. దాంతో టవర్లు 30 అంతస్తులదాకా పోయాయి. ఇక్కడ రంగుల కోసం వెతక్కండి, లిప్‌షిట్స్ అలే దగ్గర బెంచీమీద కూర్చుని జనాన్ని చూడండి: వాకర్లు తోసుకుంటూ ముసలివాళ్లు, రష్యన్, టర్కిష్ మాటలు, బాల్కనీల నిండా పూలకుండీలు. దక్షిణాన కాలనీ అంచు చటుక్కున ఆగిపోతుంది, ఆవల పొలాలే. గోడ ఉండిన ఆ సరిహద్దు ఇప్పుడు సైకిల్ దారి. అందంగా ఉందని చెప్పను కానీ తప్పకుండా చూడాల్సినది.

రిక్స్‌డోర్ఫ్‌కి ఒక గంట చాలు. 1737లో బొహీమియా (నేటి చెక్ దేశంలోది) నుంచి శరణు కోరి వచ్చినవాళ్లు నాటుకున్న పల్లె, రద్దీ కార్ల్ మార్క్స్ వీధి పక్క సందుల్లో ఇంకా కనిపిస్తుంది. లైనుకి మరో చివరివైపు ఉన్న సీమెన్స్‌ష్టాట్ కాలనీ కూడా యునెస్కో జాబితాలోదే. కానీ ఆర్కిటెక్చర్ పిచ్చి లేనివాళ్లకి బోర్ కొడుతుంది.

సదుపాయాల సంగతికొస్తే, ఈ స్టాపులన్నీ నగరమంతా చెల్లే ఏబీ జోన్ టికెట్లోనే వస్తాయి. స్టేషన్లో అడ్డుగేట్లు ఉండవు కదా అని కాగితం టికెట్టు మెషిన్లో ముద్ర కొట్టకుండా ఎక్కితే, తనిఖీవాళ్లు 60 యూరోలు వసూలు చేస్తారు. శుక్ర, శనివారం రాత్రుళ్లు రైళ్లు తెల్లవార్లూ నడుస్తాయి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూత, కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోండి. నీళ్ల సీసాలు పారేయకండి, ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా ఒక్కోదానికి 25 సెంట్ల డిపాజిట్ తిరిగొస్తుంది. శివారు కాలనీల్లో పబ్లిక్ టాయిలెట్ దొరకడం కష్టం. గ్రోపియస్‌ష్టాట్‌లోనైతే యొహానిస్‌తాలర్ షొస్సే స్టేషన్ దగ్గరి పెద్ద మాల్ ఉంది. బ్రిట్జ్‌లో ఆ వసతి లేదు, ఆ పనేదో బయల్దేరే ముందే చూసుకోవడం మేలు.