తెల్లపూల గుంటగలగరాకు కావాలంటే తిరుచానూరు దారిలోని ఈ నర్సరీ

పొలం గట్టున ఊరికే మొలిచే గుంటగలగరాకుకు ముప్పై రూపాయలు పోస్తావా అని మా ఆయన ఇంకా దెప్పుతూనే ఉన్నారు. అయినా ఈ నర్సరీకి నేను ఐదుకు నాలుగు ఇస్తాను. వీళ్ళ దగ్గర దొరికింది అసలు మొక్క మరి.

అది చిన్న విషయమేం కాదు. ఇంతకుముందు ఇంకోచోట గుంటగలగరే అని చెప్పి నాకు అంటగట్టింది వెడేలియా. రోడ్డు డివైడర్ల మీద పసుపు పూలతో గుబురుగా పాకుతుందే, అదే. పసుపు పూల గుంటగలగర అని మందుల్లో వాడే రకం ఒకటి ఉన్నమాట నిజమే కానీ, డివైడర్ మీదది అదీ కాదు.

తలనూనెకు మనకు కావలసిన గుంటగలగరకు తెల్లపూలు పూస్తాయి. చామంతి, బంతి కుటుంబమే అయినా పువ్వు చొక్కా గుండీ అంత కూడా ఉండదు. చుట్టూ సన్నటి తెల్ల రేకలు. అవి రాలాక పచ్చటి బొడిపె మిగులుతుంది, అందులోని గింజలు ముదిరేసరికి నల్లబడతాయి. ఆకులు కాడకు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, వేలితో రాస్తే గరుకుగా తగులుతాయి. ఇవన్నీ గుర్తుండకపోతే ఒక ఆకు నలిపి చూడండి. నేను అక్కడే నలిపాను. మొదట మామూలు పచ్చ రసమే వచ్చింది. నర్సరీ అబ్బాయి చిల్లర వెతికి తెచ్చేలోపు నా వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. "ఇంక డౌటే లేదక్కా" అన్నాడు. ఆ నలుపు సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదల్లేదు.

గట్టు మీదది పీక్కొచ్చుకోవచ్చు కదా అంటారు. వరి రైతుకు ఇది కలుపు, కలుపు మందు కొట్టకుండా ఎందుకు వదులుతాడు? ఇక ఊళ్ళో మురిక్కాలువల పక్కన మొలిచేదాని సంగతి చెప్పక్కర్లేదు. మా అత్తగారు ఈ ఆకుతో పచ్చడి కూడా చేస్తారు. నోట్లోకి పోయేది ఎక్కడ పెరిగిందో తెలియాలి.

ఇక ఒక మార్కు ఎందుకు కోశానంటే, వీళ్ళ పెంపకం సలహాకి. "చామంతిలాగే చూసుకోండి, నీళ్ళు ఎక్కువ పోయకండి" అని పంపించారు. వరిమడిలో, చెరువు అంచున బతికే మొక్కకు ఆ మాటేంటి! ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలిపిన చిన్న సంచిలో ఇచ్చారు. మా మేడ మీది ఎండకు మధ్యాహ్నానికల్లా తలవాల్చేసింది. అడుగున కన్నం లేని పాత టబ్బులో చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి అందులోకి మార్చాను. తడి ఆరనివ్వలేదు. అక్కడి నుంచి దానికి ఎదురు లేదు. కొమ్మలు మట్టికి తగిలిన చోటల్లా కణుపుల దగ్గర వేళ్ళు దిగిపోయాయి. వేళ్ళున్న కణుపు కింద కత్తిరించి ఇంకోచోట గుచ్చితే అదే మొక్క. కాబట్టి వాళ్ళు "ఐదు తీసుకోండక్కా, తగ్గిస్తాం" అన్నా ఒక్కటే తెచ్చుకోండి.

గేటు దగ్గరి బోర్డు చూస్తే మాత్రం నవ్వొస్తుంది. బట్టతల మీద కూడా ఒత్తుగా జుట్టు వస్తుందట, గ్యారంటీ అట. కొండ మీద గుండు చేయించుకుని అమ్మవారి దర్శనానికి పోయే జనమంతా ఆ బోర్డు చదువుకుంటూ వెళ్తారు! ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో జుట్టు పెరిగిన మాట వాస్తవం, భృంగరాజమని ఆయుర్వేదంలో దీనికి పెద్ద పేరున్న మాటా వాస్తవం. అంతమాత్రాన గ్యారంటీ ఎలా ఇస్తారో వాళ్ళకే తెలియాలి. అక్కడే అమ్మే నూనె సీసా నేను ముట్టుకోలేదు. ఇంట్లో ఆకు దంచి, రసం పిండి, నువ్వుల నూనెలో పోసి సన్నమంట మీద కాస్తాం. చిటపటలు పూర్తిగా ఆగేదాకా దించకూడదు, నీరు మిగిలితే నూనె పాడవుతుంది. తల చల్లగా ఉంటుంది, నిద్ర పడుతుంది, నాకు అది చాలు.

పూత మీద ఉన్నప్పుడు మొదలు కాస్త వదిలి కోసుకుంటే మళ్ళీ చిగురు వేస్తుంది. అక్టోబరు వానలు మొదలయ్యాక వెళ్తే బలమైన మొక్కలు ఏరుకోవచ్చు. ఫోన్‌పే తీసుకుంటారు, బండి పెట్టుకోవడానికి చోటుంది. గింజల ప్యాకెట్ మాత్రం కొనకండి. అంగుళం లోతున నాటమని దాని మీద రాశారు. ఈ గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి, తడి మట్టి మీద పైపైన చల్లి వదిలేయాలి. ఆ మాట చెప్పి వచ్చాను, మారుస్తారో లేదో.