ఒకే సముద్రం, రెండు ఖజానాలు

ఉత్తర సముద్రంలో నార్వేకు 1969లో ఎకోఫిస్క్, బ్రిటన్‌కు 1970లో ఫోర్టీస్ చమురు క్షేత్రాలు దొరికాయి. ఇంచుమించు ఒకే అదృష్టం. డబ్బును చూసుకున్న తీరే వేరు.

బ్రిటన్ వచ్చింది వచ్చినట్టు బడ్జెట్‌లో కలిపేసింది. 1980లలో పన్ను తగ్గింపులకూ, నిరుద్యోగ భృతికీ ఆ రాబడే ఆసరా. అధిక వడ్డీ రేట్లకు చమురు తోడై పౌండు బలపడింది. ఎగుమతులు ప్రియమై ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1982లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. నేరమంతా చమురుదే అనను. అప్పటి ప్రధాని థాచర్ ప్రభుత్వ విధానాల వాటా పెద్దదే.

నార్వే కూడా మొదట్లో ఖర్చుపెట్టిందే. 1986లో చమురు ధర కుప్పకూలింది. ఆ తర్వాత 1990లో చమురు రాబడి దాచే నిధికి చట్టం చేసి, 1996లో తొలిసారి అందులో డబ్బు వేసింది. స్వదేశంలో ధరలు, తన కరెన్సీ క్రోన్ విలువ ఉబ్బిపోకుండా సొమ్మంతా విదేశాల్లోనే పెట్టుబడి పెడుతుంది. నిధిలోంచి ఏటా వాడకానికి 2001లో పెట్టుకున్న 4 శాతం హద్దును 2017లో 3కు దించింది. ప్రపంచ లిస్టెడ్ కంపెనీల షేర్లలో సగటున దాదాపు ఒకటిన్నర శాతం ఈ 55 లక్షల జనాభా దేశానిదే. నిధి వెబ్‌సైటులో మొత్తం విలువ, పెట్రోలు బంకు మీటరులాగా, చూస్తుండగానే అంకెలు మారుతూ కనిపిస్తుంది.

బ్రిటన్ జనాభా పది రెట్లు పైనే కాబట్టి తలకు అంత నిధి లండన్‌కు సాధ్యం కాదు. అసలేమీ దాచలేకపోయిందా? బ్రిటన్‌లోనే ఉన్న షెట్‌లాండ్ దీవుల స్థానిక కౌన్సిల్ మాత్రం 1974 నాటి చట్టం అండతో చమురు కంపెనీల నుంచి సొమ్ము రాబట్టి సొంత నిధి పెట్టుకుంది. అక్కడి వృద్ధుల సంరక్షణకూ, ఈత కొలనులకూ ఆ డబ్బే పనికొచ్చింది.