ఫోరియర్ శ్రేణికి మాక్సిమా మంచిదా, సింపై మంచిదా?

పర్లాకిమిడి, రాయగడ వైపు బీఎస్సీ, బీటెక్ చదివే మనవాళ్లకు ఏటా వచ్చే సందేహమే ఇది. ఫోరియర్ శ్రేణి అంటే ప్రమేయాన్ని సైన్, కొసైన్‌ల మొత్తంగా రాయడం. మాక్సిమా బీజగణితం, కలనగణితం చేసిపెట్టే సాఫ్ట్‌వేర్; సింపై అదే పని చేసే పైథాన్ లైబ్రరీ. రెండూ ఉచితమే, కాబట్టి ఖర్చు గొడవ లేదు.

శ్రమ: మాక్సిమాలో ముందు ‘ఫోరీ’ (fourie) ప్యాకేజీ లోడ్ చేయాలి. దాని స్పెల్లింగులో చివరి ఆర్ ఉండదు, చాలామంది ఆగిపోయేది అక్కడే. సింపైలో ప్రమేయం, హద్దులు ఇచ్చి శ్రేణిలో మొదటి మూడు పదాలు అడిగితే చాలు. ఎక్స్ అనే ప్రమేయానికి −పై (−π) నుంచి పై (π) వరకు 2సైన్ ఎక్స్ − సైన్ 2ఎక్స్ + (2/3)సైన్ 3ఎక్స్ వచ్చేస్తుంది.

తప్పులు: మాక్సిమాలో పై (pi) ముందు శాతం గుర్తు మరిచిపోతే అది ఉత్త అక్షరమే, ఎన్ పూర్ణాంకమైనా సైన్(ఎన్·పై) సున్నా కాదు. సింపైలో పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని పై (π) విలువ వాడితే జవాబంతా దశాంశాల గందరగోళం; సింపై సొంత పై తీసుకోండి.

చదరపు తరంగం: సింపైలో పీస్‌వైజ్‌గా, అంటే ఏ ముక్కకు ఏ విలువో చెప్పి, రాస్తే సరి. మాక్సిమాలో ఇఫ్-దెన్ పెడితే సమాకలనం కదలదు, ముక్కలుగా చేసి కలుపుకోవాలి. ±1 తరంగానికి బేసి ఎన్ దగ్గర సైన్ గుణకం 4/(ఎన్·పై) వచ్చిందో లేదో చూడండి. గ్రాఫులో తెంపు పక్కన, దూకే ఎత్తులో సుమారు 9 శాతం ఎగదన్నితే అది గిబ్స్ ప్రభావం. సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి.

సాధారణ ఎన్ గుణకం కావాలంటే మాక్సిమా. ముక్కల ప్రమేయాలు, గ్రాఫులు ఎక్కువైతే సింపై. సింపైని బ్రౌజర్‌లోనే నడిపే గూగుల్ కొలాబ్‌కి నెట్ ఉండాలి. కొండ ఊళ్లలో సిగ్నల్ దోబూచులాడేవాళ్లు రెండింటిలో ఏదైనా సరే, ల్యాప్‌టాప్‌లోనే ముందుగా ఎక్కించుకోండి.