స్లో కుక్కర్‌లో క్రీమీ వెజిటబుల్ డిప్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందు నా తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. పాలకూర, క్రీమ్ చీజ్, వెల్లుల్లి వేసి చేసే, చిప్స్‌లాంటివి ముంచుకుని తినే వేడి వేడి డిప్‌కి స్లో కుక్కర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, అయితే కూరగాయలు వండే పని మాత్రం దానికి అప్పజెప్పకూడదు. బయట వండినవాటిని చీజ్‌తో కలిపి నెమ్మదిగా కరిగించడం, ఆ తర్వాత గంటల తరబడి వేడిగా, జారుగా ఉంచడం, ఈ రెండు పనులూ దానికిస్తే చాలు. రెసిపీల్లో తరచూ కనిపించే "అన్నీ వేసేసి మూత పెట్టి మర్చిపోండి" అనే సలహా సూప్‌కో బీన్స్‌కో సరిపోతుందేమో గానీ డిప్‌కి అస్సలు సరిపోదు. చాలామంది ఒక్కసారి అలా చేసి, నీళ్లు ఒకవైపు ముద్దలు ఒకవైపు తేలిన గిన్నెను చూసి, ఇక కుక్కర్‌ని అటకెక్కించేస్తారు. అంత మంచి వస్తువు అటక మీద పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఎక్కువగా వాడేది లీటరున్నర గిన్నె ఉన్న చిన్న మోడల్. ఆరు లీటర్ల పెద్దది కూడా ఉంది, జనం బాగా ఉన్నప్పుడే దాన్ని బయటికి తీస్తాను. రెండిటి నిర్మాణం ఒకటే. బయట లోహపు తొడుగు, దాని గోడల్లో వేడెక్కే తీగ, లోపల విడిగా తీసుకోగలిగే పింగాణీ గిన్నె, పైన గాజు మూత. తీగ ఎక్కువగా పక్క గోడల చుట్టూ ఉంటుంది కాబట్టి వేడి అంచుల నుంచి మధ్యకి వస్తుంది. డిప్ చేసేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. పల్చటి ద్రవమైతే తనంతట తాను తిరుగుతూ వేడిని పంచుకుంటుంది, చిక్కటి చీజ్ అలా కదలదు, అంచున ఉన్నది అక్కడే ఉడికి ఉడికి రంగు మారుతుంటే నడిమధ్య ఇంకా చల్లగానే ఉంటుంది.

అసలు ఈ పరికరం మొదట్లో అమ్మిందే బీన్స్ వండుకోవడానికి. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకి అమెరికాలో 1940లో దీని పేటెంట్ వచ్చింది. 1970లో రైవల్ కంపెనీ ఆయన సంస్థని కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో తెచ్చాక అక్కడి ఇళ్లలో బాగా పాకింది. నీళ్లలో మునిగి గంటల కొద్దీ ఉడకాల్సిన గింజలకి ఏం కావాలి? ఆవిరి బయటికి పోకుండా మూతకి తగిలి, చుక్కలుగా మారి మళ్లీ గిన్నెలోకే రావాలి. గింజలకి మేలు చేసే ఆ గుణమే డిప్‌ని పాడు చేస్తుంది.

ఎందుకంటే పాలకూరలో 91 శాతం దాకా నీరే. పుట్టగొడుగుల్లో ఇంకాస్త ఎక్కువ. పొయ్యి మీద బాణలిలో ఆ నీరు ఇగిరిపోతుంది, ఇక్కడ పోయే దారే లేదు. కాబట్టి నీటి సంగతి గిన్నెలో వేయకముందే తేల్చుకోవాలి. నేను ఫ్రోజెన్ పాలకూర 300 గ్రాములు తీసుకుని, ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనిస్తాను. పొద్దున పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, ఉతికిన బట్టని పిండినట్టు మెలితిప్పి పిండుతాను. మొదట ముదురాకుపచ్చ నీళ్లు ధారగా కారతాయి. ఇక అయిపోయిందనిపించినప్పుడు మూట విప్పి, ఆకుని వేళ్లతో విదిలించి, మళ్లీ కట్టి పిండితే ఇంకా చాలా నీళ్లు వస్తాయి, ఈ రెండో పిండుడే అసలైనది. చివరికి గుప్పిట్లో పట్టేంత గట్టి ఉండ మిగలాలి, దాన్ని విరిస్తే చేతికి నీళ్లు అంటకూడదు. ఫ్రోజెన్ ఆకుని గడ్డకట్టించే ముందే వేడినీళ్లలో వేసి తీస్తారు, అందుకని మళ్లీ ఉడికించక్కర్లేదు. తాజా ఆకైతే బాణలిలో వాడిపోయేదాకా వేయించి, చల్లార్చి, ఇలాగే పిండాలి.

ఉల్లిపాయ గురించి కూడా ఖచ్చితంగా చెప్పాలి. పచ్చి ఉల్లి ముక్కలు చీజ్‌లో రెండు గంటలు ఉన్నా పూర్తిగా మెత్తబడవు, పంటికింద కరకరలాడుతూ ఘాటుగా తగులుతాయి. వెల్లుల్లి అయితే మరీ దారుణం, పచ్చి వాసన గిన్నె మొత్తానికీ పట్టేస్తుంది. రెండిటినీ కాస్త వెన్నలో సన్నని సెగ మీద ఉల్లి బంగారు రంగుకి వచ్చేదాకా వేయించి వేస్తే రుచి ఎక్కడికో వెళ్తుంది. పుట్టగొడుగులు వేసేటట్లయితే వాటి నీరు ఊరి, ఆ నీరు పూర్తిగా ఇగిరి, బాణలిలో చిటపటలు మొదలయ్యేదాకా వేయించాలి. క్యాప్సికమ్‌ని నేరుగా మంట మీద కాల్చి, నల్లబడిన తొక్క తీసి, సన్నగా తరిగి వేస్తే చాలా బాగుంటుంది. మొక్కజొన్న గింజలు కూడా కాస్త మాడు మచ్చలు పడేదాకా వేయించినవే వేస్తాను. స్లో కుక్కర్‌లో ఏదీ ఎర్రగా వేగదు, ఆ కమ్మటి కాల్చిన రుచి కావాలంటే ముందే బయట తెచ్చుకోవాలి. సీసాలోనో డబ్బాలోనో వచ్చే ఆర్టిచోక్ (పూమొగ్గలాంటి కూరగాయ) ముక్కలు వాడేవాళ్లు ఉప్పు నీరు వంపేసి, ఒకసారి కడిగి, అవి కూడా గట్టిగా పిండాలి.

ఇక చీజ్. గిన్నెకి ఆధారం క్రీమ్ చీజ్, నా కొలతకి 250 గ్రాములు. అందులో కొవ్వు ఎక్కువ, అమెరికా ప్రమాణాల ప్రకారమైతే కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి, పైగా చాలా బ్రాండ్లలో చిక్కదనం కోసం గమ్ కూడా కలుపుతారు. పాల పదార్థాలకి వేడీ పులుపూ ఒకేసారి ఎక్కువైతే వాటిలోని ప్రోటీన్లు బిగుసుకుని, ఒకదాన్నొకటి పట్టేసుకుని, నీటిని బయటికి నెట్టేస్తాయి, మనం విరిగిందంటాం కదా, అదే. కొవ్వు దండిగా ఉంటే అంత తేలిగ్గా విరగదు. అందుకే కొవ్వు తగ్గించిన క్రీమ్ చీజ్, కొవ్వు తీసేసిన పెరుగు దీనికి వద్దు. ఆరోగ్యం కోసం తేలిగ్గా తినాలంటే చల్లటి డిప్‌లు బోలెడున్నాయి, ఇందులో మాత్రం రాజీ పడితే గిన్నె మొత్తం వృథా. సోర్ క్రీమ్ 150 గ్రాములు కలుపుతాను, కానీ మిగతాదంతా కరిగాక, చివరి ఇరవై నిమిషాల్లోనే. అది పుల్లటిది, గంటల కొద్దీ వేడిలో ఉంచితే విరుగుతుంది. నిమ్మరసం అయితే స్విచ్‌ని వామ్‌కి (వండినదాన్ని వేడిగా మాత్రమే ఉంచే సెట్టింగ్) మార్చాక, తినబోయే ముందు.

సాగే గుణం కోసం మోజరెల్లా 100 గ్రాములు, ఉప్పదనానికీ ఘాటుకీ పర్మేసాన్ 50 గ్రాములు. బాగా పాతబడిన చెడ్డర్ ఎక్కువ వేస్తే నూనె వదులుతుంది, పొడిపొడిగా రవ్వలా తగులుతుంది, కావాలంటే లేత చెడ్డర్ వాడుకోండి. చీజ్ గడ్డగా కొని ఇంట్లో తురుముకుంటేనే డిప్ నున్నగా వస్తుంది. ముందే తురిమి ప్యాకెట్లలో అమ్మే వాటికి పోగులు అంటుకోకుండా పిండి పదార్థమో సెల్యులోజో పట్టిస్తారు, నోట్లో ఆ తేడా తెలుస్తుంది. తురిమిన చీజ్‌కి ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ మనమే పట్టిస్తే మాత్రం మంచిదే, ప్రోటీన్లు ముద్ద కట్టకుండా అడ్డుపడుతుంది. శాకాహారులకి ఒక మాట: ఇటలీ నుంచి వచ్చే అసలైన పర్మేసాన్, అంటే పర్మిజానో రెజానోలో, పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు. అది పట్టింపు ఉన్నవాళ్లు లేబుల్ చూసి శాకాహార రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్ కొనుక్కోవాలి. వెజిటబుల్ డిప్ అని పేరు పెట్టి ఈ సంగతి చెప్పకపోవడం నాకు సబబుగా అనిపించదు.

చేసే తీరు సులువే. గిన్నె లోపల గోడలకి వెన్న రాసి, ముక్కలు కోసిన క్రీమ్ చీజ్, వేయించినవీ పిండినవీ అన్నీ వేసి, స్విచ్ "లో" (తక్కువ వేడి) మీద పెడతాను. ఉప్పు ఇప్పుడు వేయను, చీజ్‌లలో ఉన్నది ఎంతో చివర్లో రుచి చూశాకే తేలుతుంది. హై మీద తొందరగా అవుతుందని ఆశపడొద్దు. చాలా మోడళ్లలో లో అయినా హై అయినా చివరికి చేరే వేడి దాదాపు ఒకటే, మరుగుకి కాస్త తక్కువ, ఎంత త్వరగా చేరుతుందన్నదే తేడా. డిప్‌కి ఆ త్వరే ప్రమాదం, మధ్య కరిగేలోపు అంచు అడుగంటుతుంది. లో మీద గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మూత తీసిన ప్రతిసారీ పదిహేను ఇరవై నిమిషాల వంట వెనక్కి పోతుందని అంటారు, మిగతా వంటలకి అది నిజమే గానీ డిప్‌కి మాత్రం ప్రతి అరగంటకీ మూత తీసి, రబ్బరు గరిటెతో గోడల వెంట గీకుతూ కలపాల్సిందే. ఆ అంచున లేత గోధుమ రంగు వలయం కనిపించడం మొదలైందంటే కలపడం ఆలస్యమవుతోందని అర్థం. అది మెత్తగా ఉండగానే లోపలికి కలిపేస్తే రుచే, ఎండి పెచ్చు కడితే నల్లటి పొరలు డిప్‌లో తేలతాయి.

మూత చుక్కల సమస్యకి మడిచిన నూలు గుడ్డని గిన్నెకీ మూతకీ మధ్య పరిస్తే సరి. గుడ్డ కొసలు మూత మీదికి మడిచి పెట్టండి, బయటి తొడుగు వేడిగా ఉంటుంది, దానికి తగలనివ్వకూడదు. ఈ చిన్న పనితో డిప్ చిక్కదనంలో వచ్చే తేడా చూస్తే ఆశ్చర్యపోతారు.

వామ్ సెట్టింగ్ గురించి చెప్పకపోతే ఈ సమీక్షకి అర్థమే లేదు, స్లో కుక్కర్ ఇచ్చిన డబ్బుకి న్యాయం చేసేది అక్కడే. ఓవెన్‌లో చేసిన డిప్ బల్ల మీదికి వచ్చిన అరగంటకే బిగుసుకుపోతుంది. ఇక్కడ రెండు మూడు గంటల తర్వాత వచ్చినవాళ్లకి కూడా మొదటివాళ్లు తిన్నట్టే ఉంటుంది. వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగకూడదు, 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. నా చిన్న మోడల్ వామ్ మీద ఎప్పుడూ దానికి పైనే నిలుస్తోంది, థర్మామీటర్ పెట్టి చూస్తూ ఉంటాను. చల్లటి పదార్థాలు పెట్టి వామ్ మీదే వండటం మాత్రం వద్దు. మిగిలిన డిప్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా స్లో కుక్కర్‌లో వేడి చేయడం కూడా వద్దు, సురక్షితమైన వేడికి చేరడానికి చాలాసేపు తీసుకుంటుంది. పొయ్యి మీద 74 డిగ్రీల దాకా వేడి చేసి, కొద్దిగా పాలు కలిపి జారు చేసి, అప్పుడు గిన్నెలో పోసి వామ్ మీద పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టిన పింగాణీ గిన్నెని వెంటనే వేడి తొడుగులో దించితే పగిలే అవకాశం ఉంది, అందుకే మిగిలినది వేరే డబ్బాలోకి తీస్తాను.

ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. నా పెద్ద కుక్కర్‌లో ఒకవైపు గోడ ఇంకోవైపు కంటే వేడెక్కుతుంది, గిన్నెని మధ్యలో సగం తిప్పి పెట్టాల్సి వస్తోంది. చిన్నదాని మూత పిడి వదులైంది, స్క్రూ బిగించుకుంటూ నెట్టుకొస్తున్నాను. పైన ఎర్రటి చీజ్ పొర ఇష్టపడేవాళ్లకి ఇది ఎప్పటికీ ఆ పొర ఇవ్వదు. ఇంకో విషయం, పాతబడిన కుక్కర్‌ని అప్పుడప్పుడు పరీక్షించుకోవాలి. సగం పైన నీళ్లు పోసి, మూత పెట్టి, లో మీద ఎనిమిది గంటలు ఉంచి, మూత తీసిన వెంటనే వేడి చూడండి. 85 డిగ్రీల దగ్గర నుంచి 93 మధ్య ఉంటే బాగున్నట్టు. అంతకన్నా తక్కువైతే వాడకం ఆపేయండి, బాగా ఎక్కువైతే మాడుతుందని ముందే తెలుస్తుంది.

ఇద్దరు ముగ్గురి కోసమైతే ఇంత హంగామా అక్కర్లేదు, చిన్న మందపాటి గిన్నెలో పొయ్యి మీద పది నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిది పదిమంది నిదానంగా తినే సందర్భాలు తరచూ ఉంటే లీటరున్నర, రెండు లీటర్ల సైజు కొనుక్కోండి. గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతులు నిండాలి. పెద్దదాంట్లో కొద్ది డిప్ వేస్తే పల్చగా పరుచుకుని మాడిపోతుంది. పెద్దదే ఉందంటే వేడి తట్టుకునే చిన్న గిన్నెలో డిప్ పెట్టి, దాన్ని కుక్కర్‌లో దించి చుట్టూ వేడినీళ్లు పోసి చేయవచ్చు, అంచు మాడే బెడద పూర్తిగా పోతుంది. కొనేముందు స్విచ్ చూసుకోండి. లో, హై, వామ్ మూడూ విడిగా ఉండాలి. మరీ బుల్లి మోడళ్లు కొన్ని ప్లగ్ పెడితే ఆన్, తీస్తే ఆఫ్ అన్నట్టు వస్తాయి, అవి ముందే వేడి చేసినదాన్ని వేడిగా ఉంచడానికే గానీ చల్లటి క్రీమ్ చీజ్‌ని కరిగించడానికి చాలవు.