చెంగ్డూనా, గ్వాంగ్‌డాంగా: తిండి, టీ కోసమే చైనా వెళ్తే ఏది మేలు?

చైనా వెళ్తున్నామంటే మనవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఒక్కటే: చెంగ్డూ వెళ్లు, అక్కడ కారం దొరుకుతుంది, నోరు చప్పబడదు. సలహా తప్పేం కాదు. కాకపోతే అది తిండి సంగతి మాత్రమే. కోటలూ మ్యూజియంలూ తర్వాత, ముందు కూర్చుని తినాలి, టీ తాగాలి అనుకునేవాళ్లకి దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం గట్టి పోటీ. వారం పది రోజుల సెలవులో రెండూ పెట్టుకుంటే చాలా టైమ్ ప్రయాణాలకే పోతుంది కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

ముందు చెంగ్డూ ఉన్న సిచువాన్ రాష్ట్రపు కారం గురించి. మన బండి మీద దొరికే షెజ్వాన్ ఫ్రైడ్ రైస్‌కీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. గుంటూరు కారం నాలుక మీద మండి, చెవుల దాకా పాకి, నీళ్లు తాగితే కాస్త తగ్గుతుంది. అక్కడ మిరపకాయతో పాటు హువాజావ్ అనే చిన్న ఎర్ర గింజ పొట్టు పడుతుంది, అసలు ఆట దానిది. చెంగ్డూలో మాపో తోఫు, అంటే కారం గ్రేవీలో వేసిన సోయా పనీర్, ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే మొదట నూనె, ఉప్పు, పులియబెట్టిన గింజల ఘాటు తెలుస్తాయి. కాసేపటికి పెదాల అంచులు సన్నగా జివ్వుమంటాయి, నాలుక కొస మొద్దుబారుతుంది, ఆ తర్వాత మంచినీళ్లు తాగినా రుచి మారిపోయినట్టుంటుంది. కొందరికి ఇది మొదటి రోజే నచ్చేస్తుంది, కొందరికి ఏదో అయిపోతోందని టెన్షన్. ఏమీ కాదు, కొద్దిసేపట్లో తగ్గిపోతుంది.

ఈ మాపో తోఫు 1862లో చెంగ్డూలో మొదలైన చెన్ వారి హోటల్ పుణ్యమని చెప్తారు, ఆ పేరుతో ఇప్పటికీ హోటళ్లు నడుస్తున్నాయి. దానికి ప్రాణం పిషియన్ దౌబాన్ అనే ఊరబెట్టిన ముద్ద. చెంగ్డూ పక్కనే ఉన్న పిషియన్‌లో పెద్ద గింజల చిక్కుడూ మిరపకాయలూ కలిపి మట్టి జాడీల్లో నెలల తరబడి, మంచి రకమైతే ఏళ్ల తరబడి ఊరబెడతారు. ఎండ ఉంటే మూత తీసి కలుపుతారు, వాన వస్తే మూసేస్తారు, మన అమ్మమ్మలు ఆవకాయ జాడీని కనిపెట్టుకుని ఉన్నట్టే. ఇంకోటి, లాజీజీ అనే చికెన్ వేపుడు తెస్తే పళ్లెం నిండా ఎండుమిరపకాయలే కనిపిస్తాయి. అవి తినడానికి కాదు, వాటి మధ్యలోంచి చికెన్ ముక్కలు ఏరుకోవాలి. మనవాళ్లు పంతానికి పోయి నమలడం మొదలుపెడతారు, అక్కర్లేదు.

చెంగ్డూ టీ సంగతి వేరు. పీపుల్స్ పార్కులో హెమింగ్ అనే పాత టీ తోట ఉంది: వెదురు కుర్చీలు, చెట్ల నీడ, మూతా సాసరూ ఉన్న గైవాన్ కప్పు, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు. ఒకసారి టీకి డబ్బులు కడితే చాలు, అవే ఆకుల మీద నీళ్లు పోసుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చున్నా లేవమనేవాళ్లు ఉండరు. పేకాట, మాజాంగ్, ఇనప చిమ్టా టింగుమనిపిస్తూ తిరిగే చెవులు శుభ్రం చేసేవాళ్లు, అంతా అక్కడే. ఎక్కువమంది తాగేది మల్లెపూల టీ. పాలూ చక్కెరా లేని టీ అంటే ముఖం చిట్లించే ఇరానీ చాయ్ అభిమానులు కూడా దీనితో సర్దుకుపోతారు. కాస్త మంచిది కావాలంటే దగ్గర్లోని మెంగ్డింగ్ కొండ మీది గన్‌లూ గ్రీన్ టీ అడగండి. నన్నడిగితే చెంగ్డూలో టీ అంటే కుర్చీకి కట్టే అద్దె. అంతకంటే హాయైన అద్దె ఇంకెక్కడా ఉండకపోవచ్చు, కానీ ఆకు గురించి తెలుసుకోవాలని వెళ్తే అక్కడ దొరికేది తక్కువే.

గ్వాంగ్‌డాంగ్‌లో మళ్లీ రెండు ఊళ్లు, రెండు పద్ధతులు. గ్వాంగ్‌జౌలో పొద్దున్నే యమ్ చాకి వెళ్లాలి. పేరుకి టీ తాగడం, జరిగేది టిఫిన్. కూర్చోగానే ఏ టీ అని అడుగుతారు, పుఎర్ అనే పులియబెట్టిన నల్లటి టీ చెప్పండి, నూనె పదార్థాల మీదికి బాగుంటుంది. వేడి నీళ్లతోనో మొదటి టీతోనో గిన్నెలూ చాప్‌స్టిక్సూ ఎవరికి వాళ్లు కడుక్కుంటారు, కంగారు పడకుండా మీరూ అదే చేయండి. ఎవరైనా మీ కప్పులో పోస్తే బల్ల మీద రెండు వేళ్లతో తట్టడమే థాంక్స్. నీళ్లు అయిపోతే కుండ మూత పక్కకి జరిపి పెడితే చాలు, పిలవక్కర్లేదు. పల్చటి పిండి పొరలోంచి రొయ్య గులాబీ రంగులో కనిపించే హార్ గౌ, జారిపోయే బియ్యప్పిండి రోల్స్, కోడికాళ్లు, తీపి పోర్క్ బన్‌లు వస్తాయి. కారం ఉండదు. మూడో రోజుకి మనవాళ్లలో చాలామంది పచ్చడి సీసా వెతుక్కుంటారు, అది నిజం.

అసలు టీ ఊరు చావ్‌జౌ. గ్వాంగ్‌జౌ నుంచి హైస్పీడ్ రైల్లో రెండు మూడు గంటలు. ఆ ఊళ్లో గోంగ్‌ఫు టీ అంటే వేడుక కాదు, షట్టర్ల కొట్టులో, బట్టల షాపులో, మెకానిక్ షెడ్డులో కూడా ఒక పళ్లెం, చిన్న కుండ, మూడు కప్పులు ఉంటాయి. చిన్న గైవాన్ నిండా ఆకు కుక్కి, మరుగుతున్న నీళ్లు పోసి, కొన్ని సెకన్లలోనే వంపేస్తారు. కప్పులు మూడూ ఆనించి పెట్టి వాటి మీద గుండ్రంగా తిప్పుతూ పోస్తారు, ఒకదాంట్లో చిక్కగా ఒకదాంట్లో పల్చగా రాకుండా. దీన్ని గ్వాన్ యూ సేనాని కోట చుట్టూ గస్తీ తిరగడం అంటారు. అడుగున మిగిలిన చుక్కలు ఒక్కోటీ పంచడానికి హాన్ షిన్ సైనికుల్ని లెక్కపెట్టడం అని పేరు. నలుగురున్నా కప్పులు మూడే, వంతులవారీగా తాగుతారు, మధ్యలో మరిగే నీళ్లతో కడుగుతారు. టీ మాత్రం పక్కనున్న ఫెంగ్‌హువాంగ్ కొండల దాన్‌చోంగ్ ఊలాంగ్, అంటే గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం. ఒకటి తేనె, ఆర్కిడ్ పువ్వు వాసన, ఇంకోటి బాదం వాసన, మరోటి అచ్చంగా 'బాతు రెట్ట' అనే పేరున్న రకం. పేరు చూసి వదిలేయకండి, వాసన మాత్రం పూలదే. 2022లో యునెస్కో చైనా టీ సంప్రదాయాలని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ చావ్‌జౌ పద్ధతీ అందులో ఉంది. చెంగ్డూ 2010లోనే యునెస్కో ఆహార నగరమైతే, చావ్‌జౌకి ఆ గుర్తింపు 2023లో వచ్చింది.

తిండిలోనూ చావ్‌జౌ తక్కువేం కాదు: రాత్రిపూట బియ్యపు గంజి, పక్కన ఊరగాయలూ చేపలూ చిన్న చిన్న ప్లేట్లలో, ఆయిస్టర్ ఆమ్లెట్, మసాలా రసంలో ఉడికిన బాతు. బీఫ్ తినేవాళ్లకి పక్క ఊరు షాంటౌ హాట్‌పాట్, అంటే బల్ల మీద మరిగే రసంలో ముక్కలు ముంచి తినేది, చాలు.

శాకాహారులైతే ఆలోచించకండి, చెంగ్డూకే వెళ్లండి. వెన్షు బౌద్ధ మఠం ఆవరణలోనే శాకాహార భోజనశాల, టీ తోట రెండూ ఉన్నాయి. బయట మాత్రం మాపో తోఫులో మాంసం తరుగు ఉంటుంది, ఎర్ర హాట్‌పాట్‌లో చాలాచోట్ల వాడేది బీఫ్ కొవ్వు, వంకాయ కూరలో కూడా కీమా చల్లే అలవాటుంది, కాబట్టి 'వో చి సు' (నేను శాకాహారిని) అని చెప్పి వదిలేయకుండా మాంసం, గుడ్డు, కొవ్వు వద్దని చైనీస్‌లో రాసిన నోట్ ఫోన్లో పెట్టుకుని చూపించండి. గ్వాంగ్‌జౌలో యమ్ చాకి ఇచ్చే ఆ చిరుతిళ్లలో (డిమ్ సమ్) రొయ్యా పోర్కూ తీసేస్తే మిగిలేది కొంచెమే.

మాంసాహారులై, టీ అంటే నిజంగా ఆసక్తి ఉంటే నా ఓటు గ్వాంగ్‌డాంగ్‌కే, గ్వాంగ్‌జౌలో తక్కువ రోజులు, చావ్‌జౌలో ఎక్కువ. నోటికి కారం తప్పనిసరి, లేదా ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్తున్నారు, ఊరికే కూర్చుని జనాన్ని చూడాలి అంటే చెంగ్డూ.

ఎటు వెళ్లినా అలీపే, వీచాట్ అనే చైనా పేమెంట్ యాప్‌లలో కార్డు ఇక్కడే ఎక్కించుకోండి, చిన్న బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. చావ్‌జౌలో పాత చెట్ల ఆకు అని వేలకి వేలు చెప్తారు, మొదటిసారికి తేనె వాసన రకం యాభై గ్రాములు చాలు, అదీ షాపువాళ్లు కాచి ఇచ్చింది తాగాకే. అక్టోబర్ మొదటి వారం మాత్రం టికెట్లు తీసుకోకండి, జాతీయ సెలవుల రద్దీలో చెంగ్డూలో కుర్చీ దొరకదు, చావ్‌జౌలో రూమ్ దొరకదు.